చిన్ననాటి కథకు పెద్దల పునర్విచారణ: తెలుగు ‘ఫ్రోజెన్ 2’ పరిశీలన

1. ఉపోద్ఘాతం

అబిడ్స్ కాలిబాటలపై ఆదివారాలు జరిగే పాత పుస్తకాల సంతలో పిల్లల కథల పుస్తకాన్ని పెద్దలు తమకోసం కొనుక్కోవడంలో వింత లేదు. యానిమేషన్ చిత్రానికి వెళ్లినప్పుడు మాత్రం పిల్లల కోసం వచ్చామని చెప్పుకోవడం పరిపాటి. 1985లో ఏర్పడిన తెలుగు విశ్వవిద్యాలయానికి చాలాకాలం నెలవుగా ఉండిన నాంపల్లి పబ్లిక్ గార్డెన్స్‌లోనే జవహర్ బాలభవన్ కూడా ఉంది. అక్కడ పరిశోధనకూ బాల్యానికీ మధ్య దూరం కొద్ది అడుగులే. విమర్శలో ఆ దూరం ఎక్కువ. 2019లో తెలుగులోకి అనువాదమైన ‘ఫ్రోజెన్ 2’ చిత్రానికి ఈ దూరమే కథావస్తువు.

2. కథకుడి పరిమితి

చిత్రారంభంలో తండ్రి అగ్నార్ తన కూతుళ్లకు మంత్రారణ్యం కథ చెబుతాడు. ఆనకట్ట ఉత్సవంలో అడవిజాతివారు హఠాత్తుగా దాడిచేశారన్నది బాలుడిగా అతడు చూసినంత మేరకు నిజం. పెరిగి పెద్దదైన ఎల్సా జ్ఞాపకాల నదిని చేరి మిగిలిన సగం తెలుసుకొంటుంది: నిరాయుధుడైన వారి నాయకుణ్ణి చంపినవాడు తన తాతే, ఆనకట్ట కానుక కాదు, వారిని బలహీనపరిచే ఉపాయం. ఆ నదికి దారి చూపింది తండ్రి కథ కాదు, తల్లి లాలిపాట.

మధిర సుబ్బన్న దీక్షితుల ‘కాశీమజిలీ కథల’లో మణిసిద్ధుడు మణిప్రభావంతో గతాన్ని సమగ్రంగా తెలుసుకొని శిష్యుడికి చెబుతాడు, అక్కడ శ్రోత సందేహం కథకుడి దగ్గరే తీరుతుంది. ఇక్కడ కథకుడు సత్యవంతుడే కాని సర్వజ్ఞుడు కాడు. అందువల్ల శ్రోత పెరిగి, కథను తానే పూర్తిచేయవలసి వస్తుంది.

3. రెండు గొంతులు

తెలుగు అనువాదంలో చిన్న ఎల్సాకు బాలిక సితార, పెద్ద ఎల్సాకు నటి నిత్యా మేనన్ గాత్రదానం చేశారు. కథ విన్న గొంతు, దాన్ని ప్రశ్నించిన గొంతు వేరు కావడంతో వయోభేదం చెవికే తెలుస్తుంది. పిల్లలకు మంచుమాయ అద్భుతరసానికి ఆలంబనం. పెద్దలకు తాత చేసిన తప్పు విచారహేతువు.

4. లోపం

అన్నా ఆనకట్టను కూల్పించడం ప్రాయశ్చిత్తం. రాజధాని మునిగినా సరేనన్న నిర్ణయంలో దాని బరువు ఉంది. కాని ఎల్సా మంచుతో వరదను ఆపివేయడంతో ఆ బరువు తేలిపోయింది. సత్యానికి మూల్యం చెల్లించే ఘట్టంలో చిత్రం పెద్దల ప్రశ్నకు పిల్లల జవాబు ఇచ్చింది.

5. ముగింపు

పెద్దయ్యాక అద్భుతకథను చూడడం బాల్యానికి తిరిగి వెళ్లడం కాదు. బాల్యంలో నమ్మిన కథనాన్ని విచారించడం. ఆ విచారణకు తోడుగా పిల్లలు ఉండనవసరం లేదు.