గాలి వచ్చే వైపుకు మోత
1973లో ఇంగ్లండ్‌లోని పోర్ట్స్‌మౌత్ నుంచి విట్‌బ్రెడ్ పేరుతో మొదలైన భూప్రదక్షిణ పందెమే నేటి ‘ది ఓషన్ రేస్’. ఈ పందెంలో పాల్గొనే తెరచాప పడవల్లో సిబ్బంది సాధారణంగా నాలుగు గంటలు పనిచేసి, నాలుగు గంటలు విశ్రమిస్తారు. ఒకరు లేచిన పడకలోనే ఇంకొకరు పడుకుంటారు. తిండి వేడినీళ్లు పోసి నానబెట్టుకునే ఎండు పదార్థం. రుచి సంగతి అడగకూడదు. అన్నిటికన్నా మెచ్చుకోదగింది, పెద్దగా పేరు రాని ఒక చాకిరీ: పడవ మలుపు తిరిగిన ప్రతిసారీ తడిసిన తెరచాపలు, తిండి సంచులు, పనిముట్లు అన్నీ గాలి వచ్చే వైపుకు చేరవేయడం. ఆ బరువు పడవ ఒరుగును అదుపు చేసి వేగం పెంచుతుంది. నిద్రపోతున్నవాళ్లు కూడా అర్ధరాత్రి లేచి చేయి వేయాల్సిందే. కాసేపటికి గాలి మారి పడవ మళ్లీ తిరిగితే, మోసినదంతా రెండో వైపుకు మోయాలి.