పోయినవి 17 ప్యాకెట్లే, కానీ...

కేలిఫోర్నియాలోని బర్క్‌లీలో ఒక ముద్రణాలయం. అక్కడ 44 వైర్‌లెస్ సెన్సర్లు 26 రోజులపాటు ఒకదాని మీదుగా మరొకటి సమాచారం పంపుకున్నాయి. 36 లక్షల ప్యాకెట్లలో పోయినవి 17. తీగ లేని నెట్‌వర్క్‌ను ఫ్యాక్టరీలో నమ్మవచ్చా అని సందేహించినవారికి 2007లో వెలువడిన ఈ లెక్క గట్టి జవాబు.

ఆ పరిశోధనలో అంతకన్నా విలువైన సంగతి మరొకటి ఉంది. అవే రెండు సెన్సర్లు, అదే దూరం. ఒక రేడియో చానెల్‌లో పంపినవి దాదాపు అన్నీ అందుతుంటే, ఇంకో చానెల్‌లో దాదాపు ఏవీ అందవు. రోజులు గడిస్తే ఆ తీరూ మారిపోతుంది. ఇనుప యంత్రాలకు తగిలి తిరిగొచ్చే తరంగాలు ఒకదాన్నొకటి దెబ్బతీయడం వల్ల ఇలా జరుగుతుంది. నెట్‌వర్క్ చానెళ్లు మారుస్తూ, అందనివాటిని మళ్లీ పంపుతూ వచ్చింది కనుకే నష్టం 17 దగ్గర ఆగింది.

కాబట్టి సెన్సర్ల సమాచారమంతా చివరికి చేరే గేట్‌వేకి ఎన్ని ప్యాకెట్లు వచ్చాయో చూసి తృప్తిపడితే దారులు పడే అవస్థ తెలియదు. 2003లో ఎంఐటీ పరిశోధకులు ముందుకు తెచ్చిన ఈటీఎక్స్ కొలత ఆ లోటు తీరుస్తుంది. ఒక ప్యాకెట్ అవతలికి చేరి, అందినట్టు కబురు రావడానికి సగటున ఎన్నిసార్లు పంపాలో అది చెబుతుంది. అది 1 నుంచి 3కి పెరిగిందంటే, చేరిక లెక్క చెక్కుచెదరకపోయినా బ్యాటరీ మాత్రం వేగంగా అరుగుతున్నట్టే.

ఫ్యాక్టరీ సెన్సర్ల కోసం వాడే వైర్‌లెస్‌హార్ట్ ప్రమాణంలో ప్రతి పరికరమూ సాధారణంగా 15 నిమిషాలకోసారి తన ఆరోగ్య నివేదిక పంపుతుంది. చిక్కల్లా, ఆ నివేదిక కూడా అదే దారిన రావాలి. దారి తెగితే ఆ కబురూ ఆగిపోతుంది. అందని నివేదికను కూడా కొలతగానే రాసుకోవాలి. ఖాళీ గళ్లను వదిలేసి సగటు తీసేవారు జబ్బును దాచి ఆరోగ్యం కొలుస్తున్నారు.

ఆస్ట్రియాలోని గ్రాజ్‌లో 2016లో మొదలైన పరిశోధకుల పోటీ ఈ విషయంలో ఆదర్శం. కావాలనే రేడియో అంతరాయం కల్పించి, సమాచారం ఎంత నమ్మకంగా చేరుతోందో, ఎంత ఆలస్యమవుతోందో, ఎంత విద్యుత్ ఖర్చవుతోందో కలిపి నెట్‌వర్క్ బయటి నుంచే కొలిచారు. రోజూ పనిచేసే రిఫైనరీ లాంటి చోట అంత వీలుండదు.

అక్కడ చేయగలిగింది వేరు. ప్రతి పరికరానికీ అందుబాటులో కనీసం మూడు పొరుగు పరికరాలు ఉండాలని ఈ రంగంలో ఒక నియమం. కాగితం మీద ఒక్కో పరికరాన్నీ తీసేసి, మిగతావాటికి దారి ఉందో లేదో చూడాలి. మరమ్మతులకు ఇనుప పరంజా కట్టిన రోజున పొరుగు జాబితాలను ముందటి వాటితో పోల్చాలి. ఒకే పొరుగుతో మిగిలిన పరికరం నూటికి నూరు అందిస్తున్నా, దాని పక్కన మరొకటి అమర్చాల్సిందే.