ఆవు లేని కౌబాయ్

తెలుగులో కౌబాయ్ అనగానే 'మోసగాళ్లకు మోసగాడు' (1971) గుర్తొస్తుంది. కృష్ణ హీరో, కె.ఎస్.ఆర్. దాస్ దర్శకుడు, రచన ఆరుద్ర. 2023లో ఆ సినిమా 4కెలో మళ్లీ థియేటర్లకొచ్చినప్పుడు టోపీ, గుర్రం, తుపాకీ గురించి బోలెడు మాట్లాడుకున్నాం. ఆవు మాట మాత్రం ఎవరూ ఎత్తలేదు. కౌబాయ్ అంటే పసులకాపరే కదా!

ఆవు ఎక్కడ తప్పిపోయిందో తెలియాలంటే కాస్త వెనక్కి వెళ్లాలి. 1959 జనవరి 9న అమెరికాలో సీబీఎస్ చానెల్‌లో 'రాహైడ్' సీరియల్ మొదలైంది. టెక్సాస్ నుంచి మిస్సోరీలోని సెడాలియాకు పశువుల మందను తోలుకెళ్లే పనివాళ్ల కథ. వాళ్ల పెద్ద గిల్ ఫేవర్ (ఎరిక్ ఫ్లెమింగ్), అతని కింద రౌడీ యేట్స్ (క్లింట్ ఈస్ట్‌వుడ్). తొలి ఎపిసోడ్‌లోనే, ఖైదీల బండిని గమ్యం చేర్చే పని వీళ్ల నెత్తిన పడుతుంది. తుపాకులున్నాయి, చావులున్నాయి. కానీ ఎంత గొడవలో ఇరుక్కున్నా వెనక మంద ఉందన్న సంగతి మనం మర్చిపోం. దానికి మేత కావాలి, నీళ్లు కావాలి. మంద చేరితేనే జీతం. ఈ మనుషులు మనకు అర్థమయ్యేది వాళ్ల పని వల్లే.

ఆ ఈస్ట్‌వుడ్‌నే 1964లో సెర్జియో లియోనె తన సినిమాలోకి తీసుకున్నాడు. మందా జీతమూ పోయాయి; డాలర్లు మిగిలాయి. మన సినిమా లియోనె దారిలోదే. నిధి కోసం వేట, ఎడారి కోసం రాజస్థాన్.

మాది శింగనమల. వానలు తెచ్చిన ఋష్యశృంగుడి పేరు మీదే ఊరికి ఆ పేరొచ్చిందంటారు. పెద్ద చెరువుంది, వానకే నమ్మకం లేదు. కరువొస్తే ఎద్దులు సంతకు పోతాయి, గొర్రెలవాళ్లు తడి ఉన్న చోటికి మందను తోలుకుపోతారు. రాత్రికి ఎవరి చేలోనో మందను నిలిపితే, ఎరువు దక్కినందుకు ఆ రైతు ఇన్ని గింజలో డబ్బులో ఇస్తాడు. 'రాహైడ్' నాకు పరాయిగా అనిపించకపోవడానికి కారణం ఇదే.

అలాగని నిధి కథను కొట్టిపారేయలేను. సీమలో పాడుబడ్డ గుళ్ల దగ్గర గుప్తనిధుల తవ్వకాల వార్తలు చదువుతూనే ఉంటాం. సేద్యం మీద ఆశ పోయిన చోట, భూమిలోంచి ఇంకేదో దొరుకుతుందన్న ఆశ పుడుతుంది. నాగభూషణం వేసిన నక్కజిత్తుల నాగన్న ఆ ఆశకు మనిషి రూపం. వి.ఎస్.ఆర్. స్వామి కెమెరా ఎడారిని ఎంత గొప్పగా చూపినా, సినిమా తెలుగుదయ్యేది నాగన్న నోరు విప్పినప్పుడే. ఆ ఆశ ఏ ఎండిన బావి దగ్గర పుట్టిందో సినిమా అడగదు. నాకు కనిపించే లోటు అదే.

తర్వాతి సినిమాలు రాజస్థాన్ వదిలి సీమకే వచ్చాయి. గుర్రాల బదులు సుమోలొచ్చాయి, కాపరి మాత్రం రాలేదు. ఇప్పుడు వెబ్ సిరీస్‌ల కాలం. శింగనమల నుంచి మందతో బయల్దేరే ఇద్దరు, వారానికో ఊరు, ఊరికో నీళ్ల తగువు. రాసేవాళ్లుంటే నాలుగు సీజన్లకు సరిపడా కథలు ఆ దారిలోనే ఉన్నాయి.