పాటగాని పునరాగమనము

పేరుగాంచిన గాయకుడు చిరకాలమునకు తన ఊర మరల రంగమెక్కినపుడు జనులకు రెండు విధములైన సంతోషము కలుగును. ఒకటి పాట విన్నందువలన, రెండవది మనిషిని చూచినందువలన. చప్పట్ల మ్రోతలో ఈ భేదము తెలియదు. దానిని తెలుపుట విమర్శకుని విధి.

విదేశములనుండి ఒక నిదర్శనము చూతము. 2025 జూలై 5వ తేదీన ఇంగ్లండులోని బర్మింగ్‌హాము నగరమున ఆజీ ఆస్‌బర్న్ అను వృద్ధ రాక్ గాయకుడు తాను పెరిగిన ఆస్టన్ పేటలోనే కడపటి కచేరి చేసెను. పార్కిన్సన్ వ్యాధిచే నిలువలేక సింహాసనమువంటి కుర్చీలో కూర్చుండి పాడెను. పదునేడు దినములకు మరణించెను. అచటికి వచ్చినవారు స్వరశుద్ధిని వెదకలేదు. తమ యౌవనమునకు తోడైన మనిషికి వీడ్కోలు చెప్ప వచ్చిరి. అది నింద్యము కాదు. కాని అది సంగీతముకంటె స్నేహమునకు చెందిన విషయము.

మన తెలంగాణములో ఇట్టి పునరాగమనమునకు గద్దరు ఉదాహరణము. తూప్రానులో పుట్టిన గుమ్మడి విఠల్ హైదరాబాదులో చదివి, కొంతకాలము కెనరా బ్యాంకులో కొలువు చేసి, పిదప దానిని విడిచెను. 1985లో కారంచేడు దళితుల హత్యలపై జరిగిన ఆందోళనలో పాల్గొని, పోలీసుల నిర్బంధమువలన అజ్ఞాతవాసమునకు పోయెను. 1990 ఫిబ్రవరిలో వెలికివచ్చి, తాను మసలిన ఆ నగరముననే, నిజాం కళాశాల మైదానమున జననాట్యమండలితో పాడగా జనము విరుగబడి వచ్చిరి.

ఆయుధమును నమ్మిన ఆయన రాజకీయమార్గమును అంగీకరింపనివారు పెక్కురు, నేనును అంగీకరింపను. అయినను కళను తూచునపుడు కళయే త్రాసున నుండవలెను.

ఆ యైదేండ్లు గాయకుడు కానరాకున్నను పాట ఆగలేదు. క్యాసెట్లలోను, తోటి కళాకారుల గొంతులలోను తిరిగెను. అట్లయిన ఆయన క్రొత్తగా తెచ్చిన దేమి? గోచి, గొంగడి, చేతికర్ర, కాలిగజ్జెలు కన్నులకు కనబడునవి. వీనికంటె ముఖ్యమైన విద్య వేరొకటి కలదు. చరణము నడుమ ఆగి మాటలాడును, కథ చెప్పును, నవ్వించి, ఏడ్పించి, పల్లవిని వంతవారికిని వినువారికిని వదలును. కరీంనగరు సీమలో మిద్దె రాములు ఒగ్గుకథ విన్నవారికి ఈ విద్య పరాయిది కాదు.

అమావాస్యనాడు పుట్టిన ఆడుబిడ్డను గూర్చి ఆయన కట్టిన పాటను చూడుడు. అందు ఉపదేశము లేదు. బిడ్డను ప్రేమతో చూడని అత్తవారింట తల్లి పడు దుఃఖము, ఆడువారు పనిపాటలలో పాడుకొను వరుసలో నడచును. స్త్రీవిద్యనుగూర్చి పది యుపన్యాసములు చేయలేని పని ఆ వరుస చేయును; ఏలయన అది వినువారి నోటిదే.

మా మంథని వేదాధ్యయనమునకు పేరుపొందినది. వేదపాఠమున నోరు మారినను స్వరము మారరాదు. పల్లెపాటయందు నోరు మారినకొలది పాట మారును. అదియే దాని ప్రాణము. పద్ధతులు వేరైనను రెంటికిని ఒక ధర్మము సమానము: చెప్పువానికంటె చెప్పబడునది పెద్దది.

ఈ ధర్మమే క్రమముగా మరుగుపడెను. 1997 ఏప్రిల్ 6న గద్దరుపై కాల్పులు జరిగెను. ఒక గుండు వెన్నులో నిలిచిపోయినను ఆయన పాడుట మానలేదు. ఆ ధైర్యము మెచ్చదగినది. కాని దానితో వీరపూజయు పెరిగెను. గొంగడియు కర్రయు ముద్రలైనవి. అనుకరించువారు వేషమును, కేకను పట్టుకొనిరి. పామరుల పలుకుబడిని నేర్చుకొను శ్రమను విడిచిరి. పల్లవి నందుకొనవలసిన జనము చూపరులై చప్పట్లు కొట్టిరి. ఈ దోషమున గాయకునికంటె మనకే భాగమెక్కువ.

2023 ఆగస్టు 6న గద్దరు మరణించెను. ఇక ఆయన పునరాగమనము లేదు. పాటకు పరీక్ష ఇప్పుడే మొదలైనది. ఆయన బొమ్మకు దండ వేయుట సులభము. ఆడుబిడ్డ పుట్టినదని మొగము చిట్లించు పెద్దలున్న యింట ఆ పాటను ఒకమారు పాడుట కష్టము. చదువరులు ఈ రెండవ పనికి పూనుకొందురుగాక.