ఇవాన్ ఇల్యీచ్ బాధ

టాల్‌స్టాయ్ 1886లో ప్రకటించిన ‘ఇవాన్ ఇల్యీచ్ మరణం’ అను పెద్దకథ వైద్యదృష్టితో కూడ చదువదగినది. ఇందలి వైద్యులు జబ్బు మూత్రపిండముదా, పేగుదా యని తర్కింతురే గాని, ‘ఇది ప్రాణాపాయమా?’ యను రోగి ప్రశ్నకు బదులీయరు. గెరాసిమ్ అను పల్లెటూరి సేవకుడొక్కడే అబద్ధమాడక, అతని కాళ్లను తన భుజములపై నెత్తిపట్టి కూర్చుండును. రోగికి ఊరట కలుగును.

దేహబాధను, మనోవేదనను, ఒంటరితనమును విడదీసి చూడరాదని డాక్టరు సిసిలీ సాండర్స్ 1960లలో బోధించి, 1967లో లండనులో సెయింట్ క్రిస్టొఫర్స్ హాస్పిస్ నెలకొల్పిరి. కథకుడు ఈ సత్యమును ముందే గుర్తించెను.

అయితే కథలో మార్ఫిను సూదిమందు ఊరటనీయదు. దీనినిబట్టి మందు వ్యర్థమని విద్యార్థులు తలచరాదు. నొప్పి తిరిగి రాకమునుపే, వేళతప్పక, తగిన మోతాదులో ఇచ్చినచో మార్ఫిను అనేకులకు ఉపశమనము కలిగించును. ఈ కథను పాఠముగా చెప్పు ఉపాధ్యాయులు ఈ సవరణను తప్పక చేర్చవలెను.