బీమా లేనివాళ్లా, బయట ఉంచినవాళ్లా?

అమెరికా ఆరోగ్య సంస్కరణల మీద మన దగ్గర వచ్చే రాతలు చాలావరకు ఖర్చు చుట్టూనే తిరుగుతాయి. ప్రీమియం ఎంత, పన్ను ఎంత, ప్రభుత్వం భరించగలదా? బీమా లేనివాళ్లు ఎవరు, వాళ్లకే ఎందుకు లేదు అన్న ప్రశ్న పక్కకు పోతుంది. వర్గం గురించి గంటలకొద్దీ మాట్లాడి కులం దగ్గర నోరు మూసుకునే మన మేధావుల అలవాటే ఇక్కడా కనిపిస్తోందని మేం అంటున్నాం.

చరిత్ర చూడండి. 1946 నాటి హిల్-బర్టన్ చట్టం కింద ఆసుపత్రులు కట్టడానికి కేంద్రం డబ్బిచ్చింది. నల్లవాళ్లకు వేరుగా 'సమాన' సౌకర్యం చూపిస్తే చాలని ఆ చట్టంలోనే రాసుకున్నారు. అంటే నల్లవాళ్లు కట్టిన పన్నుతో నల్లవాళ్లను రానివ్వని ఆసుపత్రులు లేచాయి. బావి తవ్వడానికి మాల మాదిగల చెమట కావాలి, తోడుకోబోతే మైల! ఇదీ అట్లాంటిదే. 1963లో సిమ్‌కిన్స్ కేసులో గానీ కోర్టు దాన్ని కొట్టెయ్యలేదు.

2010 ఒబామా చట్టం పేదలకు మెడికెయిడ్‌ను విస్తరించమంది. 2012లో సుప్రీంకోర్టు అది రాష్ట్రాల ఇష్టమంది. పది రాష్ట్రాలు ఇంకా ఒప్పుకోలేదు. వాటిలో ఏడు, బానిసత్వాన్ని కాపాడుకోడానికి 1860-61లో విడిపోయిన దక్షిణాది రాష్ట్రాలే. అక్కడ మెడికెయిడ్ దొరక్క, బీమా సబ్సిడీ కూడా దొరక్క నడుమ పడిపోయినవాళ్లలో తెల్లపేదలూ ఉన్నారు. కానీ నల్లవాళ్ల వాటా వాళ్ల జనాభాను మించి ఉంది.

2025 చట్టం ఇంకో మెలిక పెట్టింది. విస్తరణ కింద మెడికెయిడ్ పొందేవాళ్లు నెలకు 80 గంటల పనో చదువో సేవో చూపించాలట. అర్హులు, సోమరులు అన్న ఈ విభజన మనకు కొత్తదా? మండల్ రోజుల్లో 'మెరిట్' పేరుతో విన్న పాటే కదా.

అయితే 1966 కూడా గుర్తుంచుకోవాలి. మెడికేర్ డబ్బు కావాలంటే వివక్ష మానాలని ప్రభుత్వం షరతు పెట్టింది. నీతిబోధలకు కదలని ఆసుపత్రులు కొద్ది నెలల్లోనే తలుపులు తెరిచాయి. ఆ షరతు దయతో రాలేదు, పౌరహక్కుల పోరాటం తెచ్చింది. ఆ తర్వాత బ్లాక్ పాంథర్లు బస్తీల్లో ఉచిత క్లినిక్‌లు నడిపారు. 1972లో బొంబాయిలో పుట్టిన దళిత్ పాంథర్స్ వాళ్ల పేరు తీసుకున్నారు. ఆ పనిని కూడా మన ఉద్యమాలు అందుకోవాల్సి ఉంది.

ఇక మన సంగతి. 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ ప్రజల సొమ్మును ప్రైవేటు ఆసుపత్రులకు చేర్చే దారి వేసింది. ఆ సొమ్ము తీసుకునే చోట దళిత డాక్టర్లెందరు? ఊడ్చే పనిలో ఉన్నదెవరు? ప్రైవేటు ఉద్యోగాల్లో రిజర్వేషన్ లేదు కాబట్టి అడిగే నాథుడు లేడు. జేబులో కార్డు ఉంటే చాలదు. ప్రజల సొమ్ము తీసుకునే ప్రతి ఆసుపత్రికీ సామాజిక న్యాయం షరతు కావాలి. సంస్కరణ అంటే మేం అడిగేది ఇదే.