వేంగి తోటల్లో తోక పిగిలిపిట్ట

చలికాలం వస్తే మావాళ్ల చూపంతా కొల్లేటి మీదే. ఆటపాకలో గూడబాతులు దిగాయా అని కబుర్లడుగుతారు. నువ్వు మందతో రావు. మామిడి తోటల నీడ వెతుక్కుంటూ నాటి వేంగి అయిన ఈ పెదవేగికి ఒంటరిగా వస్తావు, తోక పిగిలిపిట్టా!

ఎలా పొగడను నిన్ను? నిగనిగలాడే నల్లని తల, నీలపు మెరుపుతో నిక్కిన జుట్టు, కంటిచుట్టూ నీలిరంగు వలయం. ఒళ్లు జానెడే. మగపిట్టవైతే ఆ ఒంటిని మించిన రెండు ఈకలు తోకలోంచి జాలువారతాయి. ఒకడు ఇటుకరంగులో వస్తాడు, ఇంకొకడు పాలతెలుపులో. అమెజాన్ అడవుల్లో ఈగలు పట్టే ఓ పిట్ట ఎర్రని కిరీటాన్ని విసనకర్రలా విప్పుతుందట, విప్పడమే అరుదట. నీకా దాపరికం లేదు.

తమ్మిలేటి గట్టున కొమ్మ మీద కదలకుండా ఉంటావు. ఈగ ఎగురుతుంది. కొమ్మ వదిలి గాల్లోనే మెలిక తిరుగుతావు, ముక్కు టప్పున మూసుకుంటుంది. నువ్వు మరో కొమ్మ మీద వాలాక గానీ తోక ఊగడం ఆగదు. మధ్యాహ్నం ఎండలో కొమ్మ మీంచి మడుగులోకి దూకి, మునిగీ మునగకుండానే లేచి, రెక్కలు విదిలిస్తావు. ఎంతసేపు చూసినా తనివి తీరదు నాకు.

ఈ నేలను శాలంకాయనులు ఏలారు. చిత్రరథస్వామి పాదభక్తులమని రాగిరేకుల మీద రాయించుకున్నారు. తరవాత తూర్పు చాళుక్యులొచ్చారు. వాళ్ల వైభవం దిబ్బల పాలైంది. నీ వైభవం మాత్రం పనిచేస్తూనే ఉంటుంది. ఎండలు ముదిరేసరికి నీవాళ్లు చాలామంది ఎగువ అడవులకు చేరతారు. కొమ్మల పంగలో పుల్లలూ నారా సాలెపట్టుతో బిగించి దొప్పలాంటి గూడు కడతారు, వీలైతే పసులపోలిగాడి గూటి దాపునే. వాడుంటే కాకి దగ్గరికి రాదు. గుడ్లు పొదగడంలో మగవాడికీ వంతుంది. అంత తోకా గూటి అంచు దాటి వేలాడుతున్నా లేవడు. రాజంటే వాడు!

ఇప్పుడు ఊరి చుట్టూ ఆయిల్‌పామ్. దాని జాతీయ పరిశోధన సంస్థ 1995 నుంచీ ఇక్కడే ఉంది. రైతుకు నాలుగు డబ్బులు తెచ్చే పంట, కాదనను. గట్టున పెరిగిన మామిడినీ చింతనీ, వాగు పక్క కానుగనీ మాత్రం కొట్టకండయ్యా. మళ్లీ చలికాలానికి పిట్ట వస్తుంది, దిగడానికి దానికి నీడ కావాలి.